రెండు డ్యూ డేట్లు

మా అమ్మ పాస్‌పోర్టులో అమెరికా టూరిస్ట్ వీసా 2026 వరకు ఉంది. 2016లో నాన్నగారు ఉండగా ఇద్దరూ తెనాలి నుంచి హైదరాబాద్ వెళ్లి, బేగంపేట పైగా ప్యాలెస్‌లో అప్పట్లో ఉన్న అమెరికన్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఇచ్చి తెచ్చుకున్నారు. పదేళ్ల వీసా. మన ఇళ్లలో ఆ మాట ఎంత గొప్పగా చెప్పుకుంటామో మీకు తెలియనిది కాదు. నేనూ చెప్పుకున్నాను. ఆ పదేళ్లకూ, అమ్మ అక్కడ ఉండగలిగే రోజులకూ సంబంధం లేదని నాకు తెలిసేసరికి అమ్మ డల్లాస్ చేరి నెల దాటింది.

సంగతి మొదటి నుంచీ చెప్తాను. మన బ్యాంకు కుటుంబాల్లో కూతురి పురుటికో, కోడలి పురుటికో విదేశం వెళ్లే అమ్మలు ఏటా ఎంతోమంది ఉంటారు. మేము తడబడిన చోట మీరు తడబడకుండా ఉంటే చాలు.

నేను ఫరీదాబాద్‌కు బదిలీ మీద వచ్చాను. నాన్నగారు కూడా మన బ్యాంకులోనే చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. చెల్లెలూ బావగారూ డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. బావగారిది హెచ్-1బి. చెల్లికి రెండుసార్లు నెలలు నిండకుండానే పోయాయి. మూడోసారి నిలిచినప్పుడు ఎవరికీ చెప్పుకోలేదు. 2024 ఏప్రిల్ నెలాఖరులో, పద్నాలుగో వారంలో, డాక్టర్లు గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేశారు. బరువులు ఎత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అన్నారు. అప్పుడు మా శాఖలో ఆడిట్ నడుస్తోంది. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి చేరి షూ విప్పుకుంటుంటే ఫోను. "అన్నయ్యా, అమ్మని పంపగలవా?" అంది చెల్లి. అంతకు మించి ఏమీ అనలేదు.

రెండు వారాల్లో పంపేశాం. మే 8న అమ్మ డల్లాస్‌లో దిగింది. అప్పటికి చెల్లికి సరిగ్గా 16 వారాలు. డాక్టరు చెప్పిన డ్యూ డేట్ అక్టోబర్ 23. నవంబర్ 4కి తిరుగు టికెట్ తీశాను. ఎలా లెక్కేశానంటే, లెక్కేమీ లేదు. ఆ రోజు ధర తక్కువగా ఉంది, తీసేశాను. కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు, వీసా 2026 వరకు ఉంది కదా అనుకున్నాను. మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివినవాడి ప్లానింగ్ ఇది.

జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సీనియర్ ఒకాయన, "మీ అమ్మగారి ఐ-94 చూశారా?" అని అడిగారు. ఆయన కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. చూడలేదన్నాను. అదేమిటో కూడా నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

ఐ-94 అంటే అమెరికాలో అడుగుపెట్టిన మనిషి రాక తాలూకు రికార్డు. పూర్వం పాస్‌పోర్టుకు ఒక తెల్ల కాగితం ముక్క పిన్ను చేసేవారు. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకు అది ఆన్‌లైన్‌లోనే ఉంటోంది. అమెరికా కస్టమ్స్, బోర్డర్ శాఖ వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే ఎవరైనా దించుకోవచ్చు. అందులో ఉండే 'అడ్మిట్ అంటిల్' తేదీయే అసలు తేదీ. ఆ రోజు దాకానే మనిషి అక్కడ ఉండాలి.

మన భాషలో చెప్పుకోవాలంటే వీసా శాంక్షన్ లెటర్ లాంటిది. ఫలానా సంవత్సరం దాకా మీరు వచ్చి గుమ్మం తట్టవచ్చు అని మాత్రమే దాని అర్థం. లోపలికి రానిచ్చేదీ, ఎన్నాళ్లకు రానిచ్చామో రాసేదీ విమానాశ్రయంలో కూర్చున్న అధికారి. టూరిస్ట్ వీసా మీద, అంటే బి-2 మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. శాంక్షన్ పదేళ్లకు ఉంది కదా అని ఒక్కో వాయిదా కట్టే తేదీ మారదు గదా! ఇదీ అంతే. ఇంకో మెలిక కూడా ఉంది. పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే ఆరు నెలలు ఇవ్వకుండా అక్కడికే కుదించవచ్చు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లాలి.

ఆ రాత్రి నేను అమ్మ ఐ-94 దించాను. అందులో 11/07/2024 అని ఉంది. గుండె జారిపోయింది. జూలై 11! నెల రోజులు కూడా లేదు. జూలై 11కి చెల్లికి 25 వారాలు. కుట్టుతో మంచం మీద ఉన్న పిల్లను వదిలేసి అమ్మ వచ్చేయాలా? నా భార్య చెల్లికి ఫోన్ చేయబోతుంటే ఆపాను. రక్తపోటు పెరిగితే మళ్లీ అదో గొడవ. ఇద్దరం హాల్లో కూర్చుని టికెట్ రేట్లు చూస్తున్నాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మంచినీళ్ల కోసం వచ్చి, నా భుజం మీదుగా చూసి, "నాన్నా, వాళ్లు నెల ముందు రాస్తారు. అది నవంబర్ 7" అని చెప్పి వెళ్లిపోయింది.

నవంబర్ 7. మే 8 నుంచి ఆరు నెలలు. నవ్వొచ్చింది, ఊపిరి ఆడింది, కానీ ఆ తర్వాత కాగితం మీద రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుంటే నవ్వు ఆగిపోయింది. చెల్లి డ్యూ డేట్ అక్టోబర్ 23. అమ్మ డ్యూ డేట్ నవంబర్ 7. మధ్యలో పదిహేను రోజులు. ఆపరేషన్ అయితే బాలింత మంచం దిగి సరిగా నడవకముందే అమ్మ విమానం ఎక్కాలి.

పురుటికి వెళ్లే అమ్మలందరికీ ఈ ఇబ్బంది రాదు. మామూలుగా ఎనిమిదో నెల చివర్లో వెళితే కాన్పు అయ్యాక నాలుగు నెలలు పైనే చేతిలో ఉంటాయి. కాబట్టి తొందరేమీ లేనప్పుడు వారాలు లెక్కపెట్టి, వీలైనంత ఆలస్యంగా బయలుదేరడమే మంచిది. కానీ మాలాగా ముందే పిలుపు వస్తే ఆరు నెలల్లో నాలుగైదు నెలలు ఎదురుచూడటంలోనే కరిగిపోతాయి. అసలు అవసరం వచ్చేసరికి గడువు అయిపోతుంది.

అప్పుడు ఉన్న దారి పొడిగింపు అడగడం. దానికి ఐ-539 అనే ఫారం ఉంది. అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖకు పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో పెడితే ఫీజు 420 డాలర్లు, కాగితం మీద పెడితే 470. 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన రేట్లు ఇవి. మేము కట్టినప్పుడు మన డబ్బుల్లో సుమారు 35 వేల రూపాయలు. రేట్లు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున సైటులో చూసుకోండి. ఐ-94 తేదీ దాటకముందే దరఖాస్తు చేరాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టమని ఆ శాఖే సలహా ఇస్తుంది. నవంబర్ 7కి 45 రోజుల ముందంటే సెప్టెంబర్ 23. మేము సెప్టెంబర్ 12న పెట్టాం. అప్పుడు చెల్లికి 34వ వారం నిండింది. క్యాష్ క్రెడిట్ లిమిట్ గడువు తీరాక రెన్యువల్‌కు వచ్చే ఖాతాదారుణ్ణి మనం ఎలా చూస్తామో తెలుసుగా. వాళ్లూ అలాగే చూస్తారు.

దరఖాస్తుతో పాటు ఏమేం పెట్టాలన్న దగ్గర నాకు బ్యాంకు బుద్ధి పనికొచ్చింది. ఆ అధికారి మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతాడు. ఇంకా ఎందుకు ఉండాలి? ఇది తాత్కాలికమే అని ఏమిటి రుజువు? అన్నాళ్లూ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ప్రపోజల్ నోట్ రాసినట్టే రాశాను. చెల్లి డాక్టరు ఇచ్చిన లేఖ పెట్టాం. అందులో కుట్టు వేసిన సంగతి, కాన్పు తేదీ అంచనా, కాన్పు తర్వాత ఎన్ని వారాలు ఇంట్లో తోడు అవసరమో ఉన్నాయి. అమ్మకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ వివరాలు, తెనాలి ఇంటి పన్ను రసీదు, ఆమె ఖాతా స్టేట్‌మెంటు, బావగారి జీతం కాగితాలు, జనవరికి మార్చిన తిరుగు టికెట్, పొడిగించిన ఇన్సూరెన్స్ పెట్టాం. ఐ-94 ప్రింటు, పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు ఎలాగూ ఉండాలి. ఒకసారికి ఆరు నెలల దాకా అడగొచ్చు. మేము జనవరి 31 వరకే అడిగాం. "ఎలాగూ అడుగుతున్నాం, పూర్తిగా ఆరు నెలలు అడుగుదాం" అని బావగారు అన్నారు. అవసరానికి మించి లిమిట్ అడిగేవాళ్ల ఫైలు మనం ఎంత అనుమానంగా తిరగేస్తామో ఆయనకు చెప్పాను. ఒప్పుకున్నారు.

ఒక విషయంలో మాత్రం అమ్మ నాకంటే గట్టిది. వెళ్లే ముందు మాకు తెలిసినవాళ్లు ఒకరు ఫోన్ చేసి, ఇమ్మిగ్రేషన్‌లో పురుటికని చెప్పకండి, ఊరు చూడటానికని చెప్పండి, లేకపోతే ఆయా పనికి వచ్చారనుకుంటారు అన్నారు. "నేను కన్న పిల్ల పురుటికి పోతూ తాజ్‌మహల్ చూడ్డానికి అని చెప్పనా?" అంది అమ్మ. అడిగినప్పుడు ఉన్నదే చెప్పింది. చెప్పవచ్చు కూడా. కూతురి దగ్గర ఉండి మనవణ్ణి ఎత్తుకోవడం టూరిస్ట్ వీసాకు అడ్డు కాదు. డబ్బు తీసుకుని పని చేయడం అడ్డు. అక్కడ దాచిన మాట ఐదేళ్ల తర్వాత ఇంకో ఫారంలో బయటపడితే అప్పుడు వీసాయే పోతుంది.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న, మేమూ రాత్రిళ్లు మేలుకుని అడుక్కున్న ప్రశ్న ఒకటుంది. పెట్టిన దరఖాస్తుకు జవాబు రాకముందే ఐ-94 తేదీ దాటిపోతే? సాధారణంగా జరిగేది అదే. జవాబుకు నెలలు పడుతుంది. గడువు లోపల, సరైన కారణంతో పెట్టి ఉంటే, తేలేదాకా ఉన్న రోజులను చట్టవిరుద్ధంగా ఉన్న రోజులుగా లెక్కించరు. తిరస్కరిస్తే మాత్రం మర్నాటి నుంచి లెక్క మొదలు, వెంటనే బయలుదేరాలి. అసలు ఏమీ అడగకుండా ఉండిపోతేనే పెద్ద ప్రమాదం. తేదీ దాటిన ఆ రోజే ఆ పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించి ఉండి బయటికొస్తే మూడేళ్ల దాకా, ఏడాది దాటితే పదేళ్ల దాకా మళ్లీ రానివ్వరు. మన ఎన్‌పీఏ లెక్కకు 90 రోజులు ఆగుతాం. వాళ్లు వీసా విషయంలో ఒక్క రోజు కూడా ఆగరు.

అక్టోబర్ 17న ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. ఇక్కడ పొద్దున్న ఐదున్నర, అక్కడ ముందురోజు రాత్రి... కాదు, తప్పు చెప్తున్నాను. అక్కడ 17 సాయంత్రం ఏడింటికి, ఇక్కడ 18 తెల్లవారి ఐదున్నరకు ఫోను వచ్చింది. పదిన్నర గంటల తేడా నాకు ఇప్పటికీ ఒంటబట్టలేదు. ఇరవై ఒకటో రోజు నవంబర్ 6 అయింది. ఉయ్యాలలో వేశారు. వీడియోలో చూశాం. అమ్మ పట్టుచీర కట్టుకుని వాముకషాయం గ్లాసు చేత్తో పట్టుకుని తిరుగుతోంది. అందరూ వెళ్లాక ఫోను పక్కగదిలోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "ఒరేయ్, రేపటితో అయిపోతుంది కదా. ఎల్లుండి నుంచి నేనిక్కడ దొంగలా ఉన్నట్టేనా?" అని అడిగింది.

నాన్నగారు ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మెమో తీసుకోలేదని చెప్పుకునే మనిషి. ఆవిడకు ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. దరఖాస్తు అందినట్టు వచ్చిన రసీదు ప్రింటు తీయించి, ఆమె హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టుతో పాటు పెట్టించాను. "ఈ కాగితం ఉన్నంతకాలం నువ్వు అడిగి కూర్చున్నదానివి, అడగకుండా కూర్చున్నదానివి కాదు" అన్నాను. నమ్మిందో లేదో. ఆ తర్వాత రోజూ పడుకునే ముందు బ్యాగు తెరిచి ఆ కాగితం ఉందో లేదో చూసుకునేదని చెల్లి చెప్పింది.

ఇక వీసాతో పాటు పొడిగించుకోవాల్సినవి ఇంకా ఉంటాయి. వాటిని ఎవరూ చెప్పరు. ఇక్కడ తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఒక ప్రయాణానికి మామూలుగా 180 రోజుల దాకానే ఇస్తారు. గడువు తీరకముందే పొడిగింపు అడగాలి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్లకు అందులో ఎంత వర్తిస్తుందో చదువుకోవాలి. అమ్మ ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు పట్టుకెళ్లింది. మిగతా రెండు నెలలకు సరిపడా మాత్రలను మా సహోద్యోగి కొడుకు, ఇక్కడి డాక్టరు చీటీతో సహా, తన సామాన్లలో తీసుకెళ్లి పుణ్యం కట్టుకున్నాడు.

అన్నిటికంటే ముఖ్యం, మన ఇళ్లకు ప్రత్యేకం, నవంబర్. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల. బ్యాంకులో ఉండి కూడా నాకు నవంబర్ రెండో వారం దాకా గుర్తు రాలేదు, కౌంటర్ ముందు పెన్షనర్ల వరస చూసి గుర్తొచ్చింది. విదేశంలో ఉన్న పెన్షనరు స్వయంగా రానక్కర్లేదు. అక్కడి మన రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ అధికారి గానీ, నోటరీ గానీ, మేజిస్ట్రేట్ గానీ, బ్యాంకు అధికారి గానీ సంతకం చేసిన సర్టిఫికెట్ పంపితే సరిపోతుంది. టెక్సస్ వాళ్లకు మన కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది, ఫ్రిస్కో నుంచి కారులో నాలుగు గంటల పైమాటే. పసిబిడ్డతో ఎవరు వెళ్తారు? అక్కడి బ్యాంకు శాఖల్లో చాలాచోట్ల నోటరీ కూడా కూర్చుంటారట. బావగారు అమ్మను తీసుకెళ్లి పది నిమిషాల్లో సంతకం పెట్టించుకొచ్చారు. మన శాఖల్లో అలాంటి సౌకర్యం ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది, కానీ ఇప్పటికే ఉన్న పనులు చాలు.

ఇంతవరకూ పురుడు పోయడానికి వెళ్లినవాళ్ల సంగతి. గర్భిణి అయిన ఆడపిల్లే టూరిస్ట్ వీసా మీద భర్త దగ్గరికో, అక్క దగ్గరికో వెళ్లిన ఇళ్లూ మనలో ఉన్నాయి. వాళ్లకు రెండు కాదు, మూడు తేదీలు. మూడోది విమానం ఎక్కించుకునే తేదీ. కంపెనీని బట్టి మారినా, 28 వారాలు దాటితే చాలా విమాన సంస్థలు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి. 36 వారాలు దాటితే ఎక్కించుకోవు. కవలలైతే ఇంకా ముందే ఆపేస్తాయి. అంటే ఐ-94 తేదీ నిక్షేపంగా ఉన్నా, ఇంటికి రాగలిగే తేదీ ముందే దాటిపోవచ్చు. ప్రయాణం వద్దని డాక్టరు అంటే ఆ మాట వారాలతో సహా రాయించుకుని పొడిగింపు దరఖాస్తుకు జతచేయాలి. మన దగ్గర కొనే ట్రావెల్ పాలసీల్లో కాన్పు ఖర్చు సాధారణంగా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికా విషయానికొస్తే, గర్భంతో ఉండటం వీసాకు అడ్డు కాదు. కానీ బిడ్డకు పౌరసత్వం కోసమే అక్కడ కనడానికి వెళ్తున్నారని అధికారికి అనిపిస్తే వీసా నిరాకరించాలని 2020 జనవరి 24 నుంచి నియమం ఉంది.

దేశం మారితే నియమాలు మారతాయి. బ్రిటన్ విజిటర్ వీసాపై సాధారణంగా మొత్తం ఆరు నెలలు మించనివ్వరు. ఆస్ట్రేలియా వీసాపై 8503 అనే షరతు ఉంటే అక్కడే ఉండి పొడిగింపు అడగడం కుదరదు, కాబట్టి వీసా వచ్చిన రోజే ఆ అంకె ఉందేమో చూసుకోండి. యూరప్ షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే. కెనడా కాస్త ఉదారం. పిల్లలు అక్కడ స్థిరపడి ఉంటే తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది, 2022 జూలై నుంచి ఒకసారి వెళితే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. మా చెల్లి కెనడాలో ఉండి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

జనవరి 11 రాత్రి, పొగమంచులో నాలుగు గంటలు ఆలస్యంగా, అమ్మ ఢిల్లీలో దిగింది. ఎల్లుండి భోగి. బయలుదేరేదాకా జవాబు రాలేదు. తిరిగొచ్చిన బోర్డింగ్ పాసు, టికెట్, పాస్‌పోర్టులో పడిన మన ఇమ్మిగ్రేషన్ ముద్ర కాపీ జాగ్రత్త చేశాను. అడిగిన తేదీకంటే ముందే వెళ్లిపోయారని తర్వాతి ప్రయాణంలో చూపించడానికి అవే సాక్ష్యం.

ఫిబ్రవరిలో చెల్లి ఇంటికి ఉత్తరం వచ్చింది. ఫొటో తీసి పంపింది. పొడిగింపు మంజూరు, జనవరి 31 వరకు. ఆదివారం పొద్దున బాల్కనీలో ఎండకు కూర్చున్న అమ్మకు చదివి వినిపించాను. కళ్లజోడు పెట్టుకుని తనూ ఒకసారి చూసుకుంది. "ముందే చెప్పుంటే సంక్రాంతి వాడితో చేసుకుని వచ్చేదాన్ని కదరా" అంది. ప్రింటు తీసి ఇమ్మంది. నాన్నగారి పెన్షన్ కాగితాలుండే ఫైలులో, రసీదు పక్కన పెట్టుకుంది.